పందిరి నిండా పూలు, కాయ ఒక్కటీ లేదు: సెప్టెంబర్‌లో దారికొచ్చిన ఒక బీరపాదు కేసు

ఇంటివాళ్ళని అడిగే రాస్తున్నా ఇది. పేర్లు, ఊరు, ఉద్యోగాలు తీసేశా, కుటుంబ వివరాలు ఒకటి రెండు మార్చా కూడా, తోట సంగతులు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే. నేను సెంట్రల్ న్యూజెర్సీలో మన వాళ్ళ పెరటి తోటలు చూసిపెడుతుంటా, బీర సొర కాకర గోంగూర లాంటివి ఇక్కడి ఎండలకీ చలికీ ఎలా కాయించుకోవాలి అన్నదే నా పని, ఎనిమిదేళ్ళైంది మొదలుపెట్టి. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే ఇందులో నా మొదటి అంచనా సగమే సరిపోయింది, మిగతా సగానికి జవాబు ఆ ఇంట్లోనే ఉంది, నేను అడగాల్సిన మనిషిని అడగలేదు అంతే.

ఇల్లు, తోట, మనుషులు

భార్యాభర్తలు, ఆరేళ్ళ బాబు, ఇంకా ఆవిడ తల్లి. తల్లిగారు కోస్తా జిల్లాల్లోని ఒక పల్లె నుంచి, డెబ్భైకి దగ్గర పడ్డారు, ఏప్రిల్ చివర్లో వచ్చారు, అక్టోబర్ రెండో వారానికి తిరుగు టికెట్. ఊళ్ళో జీవితమంతా పెరడు ఉన్న మనిషి. ఆవిడ వస్తున్నారనే అల్లుడుగారు వెనకాల దక్షిణం వైపు నాలుగు రైజ్డ్ బెడ్లు (నేలకంటే ఎత్తుగా కట్టే మడులు) కట్టించాడు, ఒక్కోటి 8 అడుగులు బై 4 అడుగులు, రెండింటి మధ్య ఇనప మెష్ వంచి ఆరడుగుల ఎత్తు పందిరి వేశాడు. మంచి పందిరి, కిందనుంచి మనిషి నడవొచ్చు.

బీర ఆరు పాదులు, సొర రెండు, కాకర రెండు, ఇంకా గోంగూర, టమాటా, వంకాయ, కీర దోస, కుండీల్లో రెండు కరివేపాకు. విత్తనాలు ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో కొన్నవి. ఏప్రిల్ నెలాఖర్లో ఇంట్లో కప్పుల్లో మొలిపించి, ఇక్కడ అందరూ చేసినట్టే మదర్స్ డే దాటాక మే మూడో వారంలో నేలలో పెట్టారు. మొదలు బాగానే జరిగింది అన్నమాట, మొదట్లో తప్పు జరిగిన కేసు కాదిది.

అసలు కంప్లైంట్

ఆగస్టు మూడో వారంలో అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పందిరి నిండా బీర అల్లేసింది, రోజూ పూలు రాలి డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) అంతా పసుపే, కానీ ఇప్పటిదాకా ఒక్క కాయ కొయ్యలేదు. ఒకటో రెండో పిందెలు కనపడతాయి, రెండు మూడు రోజులకి పసుపెక్కి ఊడిపోతాయి" అంది. సరే వస్తాలే అన్నా. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది, అది నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా కానీ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు: "అమ్మ అసలు తోట వైపు వెళ్ళడం మానేసింది. రోజంతా సోఫాలోనే. ఏం పండించినా ఇక్కడ పండదులే అంటోంది. తనకోసమే వేశాం ఇదంతా."

నాకొచ్చే ఫోన్లలో చాలావాటికి ఇలాంటి తోక ఒకటి ఉంటుంది. కూరగాయలు కొనుక్కోలేక కాదు కదా ఎవరూ ఇక్కడ తోట వేసేది. ఎండలు తగ్గి సాయంత్రాలు చల్లబడే ఆ ఆరేడు వారాలు, ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా, న్యూజెర్సీలో తోటలో కూర్చోవడానికి ఏడాది మొత్తంలో అంత మంచి కాలం ఇంకోటి లేదు, కాపు కూడా అప్పుడే మంచి ఊపు మీద ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఆ ఇంటివాళ్ళు తోటకి వీపు తిప్పేశారు. కేసులో అసలు నష్టం అదీ.

నేను వెళ్ళేసరికి అప్పటికే చేసినవి

శనివారం పొద్దున పదింటికి వెళ్ళా. (ఈ టైమ్ గుర్తుపెట్టుకోండి.) పాదులు చూడగానే ఒక సంగతి తెలిసిపోయింది, ఆకు అరచేతికి రెండింతలు, నల్లటి ఆకుపచ్చ, తీగ నా బొటనవేలంత లావు. ఏపు మామూలుగా లేదు. ఏం వేశారు అని అడిగితే కోళ్ళ ఎరువు రెండు బస్తాలు, మాగిన పేడ బస్తాలు, అవి కాక జూన్‌లో ఎదుగుదల లేదని లాన్‌కి వేసే ఎరువు గుప్పెడు గుప్పెడు రెండుసార్లు. ఆ బస్తా చూపించమన్నా. లాన్ ఎరువు బస్తా మీద మూడు అంకెలు ఉంటాయి, మొదటిది నైట్రోజన్, మధ్యది ఫాస్ఫరస్, చివరిది పొటాష్. న్యూజెర్సీలో 2011లో ఎరువుల చట్టం వచ్చాక లాన్ ఎరువుల్లో మధ్య అంకె సాధారణంగా సున్నానే ఉంటుంది, మొదటిది మాత్రం పెద్దది. గడ్డికి అది మంచిదే, తీగపాదుకి వేస్తే అది కూడా గడ్డి లాగే ఆకు మీద పడుతుంది.

ఇంకా ఏం చేశారంటే, ఒక వీడియో చూసి రోజూ పొద్దున ఆఫీసుకి ముందు అమ్మాయి చిన్న పెయింట్ బ్రష్‌తో మగ పువ్వు పుప్పొడి తీసి ఆడ పువ్వుకి రాసేది, మూడు వారాలు చేసింది పాపం. చారల పెంకు పురుగులు కనపడితే వేపనూనె కొట్టారు, తేనెటీగలకి దెబ్బ తగలకూడదని ఎక్కడో చదివి జాగ్రత్తగా సాయంత్రం చీకటి పడేముందు కొట్టేవాళ్ళు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) కూడా వేశారు, అది ఎందుకు వేశారో వాళ్ళకే తెలీదు.

మంచి విషయం ఏంటంటే వసంతంలోనే మట్టి రట్గర్స్ (ఇక్కడి స్టేట్ యూనివర్సిటీ) వాళ్ళ సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి పంపించారు, రిపోర్ట్ ఫ్రిజ్ మీద అంటించి ఉంది, పీహెచ్ 6.7, ఫాస్ఫరస్ అవసరానికి మించే ఉంది. ఇది చాలా పనికొచ్చింది నాకు, ఎందుకంటే అల్లుడుగారు అప్పటికే "పూత ఎరువు" అని ఫాస్ఫరస్ ఎక్కువ ఉండేది ఒకటి కార్ట్‌లో పెట్టుకున్నాడు, ఆ రిపోర్ట్ చూపించి వద్దని చెప్పగలిగా.

నా మొదటి అంచనా

పందిరి కింద నిలబడి ఒక అరగంట చూశా. మగ పూలు గుత్తులు గుత్తులు, ఆడవి వెతకాలి, ఆరు పాదుల మీద కలిపి మూడు దొరికాయి. (తెలియనివాళ్ళ కోసం: ఆడ పువ్వు వెనకాల చిన్న బీరకాయ ఆకారం ఉంటుంది, మగ పువ్వుకి ఉత్త కాడే.) మగ పూలు మరీ ఎక్కువైతే కారణాలు నాకు తెలిసి మూడు. ఒకటి నైట్రోజన్ ఎక్కువవడం. రెండోది పొడుగు పగళ్ళు, బీర చిన్న పగళ్ళ పాదు, ఇక్కడ జూన్‌లో పగలు 15 గంటలుంటుంది, అలా పొడుగు పగలూ వేడి రాత్రులూ ఉన్నంతకాలం మగ పూలే వేస్తుంది, పగలు కురచై రాత్రి చల్లబడితే ఆడ పూలు మొదలుపెడుతుంది, సెప్టెంబర్ మూడో వారానికి ఇక్కడ పగలు 12 గంటల పైచిలుకుకి దిగుతుంది. మూడోది చిగుళ్ళు తుంచకపోవడం, ప్రధాన తీగ ఒక్కటే పైకి పోతుంటే పక్క కొమ్మలు తక్కువ, ఆడ పూలు ఎక్కువ వచ్చేది ఆ పక్క కొమ్మల మీదే.

పరాగ సంపర్కం గురించి ఆలోచించలేదా అంటే ఆలోచించా. కానీ పక్కనే కాకరపాదు చక్కగా కాస్తోంది, తేనెటీగలు తిరుగుతున్నాయి, కాకర కాస్తోందంటే తోటలోకి పురుగులు వస్తున్నాయనే కదా, కాబట్టి సమస్య అది కాదు అని పక్కన పెట్టేశా. ఇదే నేను చేసిన తప్పు. సొర కూడా కాయట్లేదని వాళ్ళు చెప్పారు, అది కూడా నైట్రోజన్ ఖాతాలోనే వేసేశా. కాకర, టమాటా బాగున్నాయి, బీర, సొర బాగాలేవు. ఈ విడిపోవడం ఎక్కడ జరిగిందో అక్కడ ఆగి చూసి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

ఆ రోజు చెప్పినవి ఇవి. ఎరువులు అన్నీ బంద్, సీజన్ అయ్యేదాకా ఏమీ వెయ్యొద్దు. నీళ్ళు రోజూ చిలకరించడం మానేసి మూడు రోజులకోసారి పాదు మొదలు దగ్గర బాగా తడిసేలా పెట్టాలి. ప్రతి తీగ కొసా తుంచాలి, కింద బూడిద తెగులు పట్టిన ముసలి ఆకులు కోసి బయట పారేయాలి. బ్రష్ పని మానేయమన్నా, వాడుతున్నది వాడిపోయిన పూల మీద కాబట్టి ఎలాగూ ఉపయోగం లేదు, నేను వెళ్ళిన పదింటికి ఒక్క బీర పువ్వు కూడా విచ్చుకుని లేదు. నా సొంత పెరట్లో బీరకి నేనెప్పుడూ చేత్తో పరాగం పెట్టలేదు, రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఆ పని చూసుకుంటాయి, ఇక్కడ కూడా చూసుకుంటాయిలే అనుకున్నా. పది పన్నెండు రోజులు ఆగండి, ఆడ పూలు వస్తాయి, కాయలు వాటంతటవే నిలబడతాయి అని చెప్పి వచ్చేశా.

పెద్దావిడ ఆ రోజు లోపలే ఉన్నారు. నమస్కారం పెట్టా, మాట్లాడలేదు, తలనొప్పిగా ఉందన్నారు.

సగం పనిచేసింది, సగం చేయలేదు

ఆడ పూలు వచ్చాయి. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) నాటికి అమ్మాయి లెక్కపెట్టి పదకొండు అని మెసేజ్ పెట్టింది. తుంచడం వల్ల వచ్చాయా, పగలు తగ్గడం వల్ల వచ్చాయా, నైట్రోజన్ ఆపడం వల్లా అని విడదీసి చెప్పలేను, మూడూ ఒకే పక్షంలో జరిగాయి. ఏదైతేనేం, పూలున్నాయి. కానీ రెండంగుళాలు కూడా పెరగకుండానే పిందెలన్నీ ఒక్కోటీ తొడిమ దగ్గర మెత్తబడి పసుపెక్కి రాలిపోయాయి. పదకొండుకి పదకొండూ.

ఇలా పూర్తిగా సున్నా రావడం నన్ను ఆలోచనలో పడేసింది. తిండి సమస్య అయితే కొన్నైనా నిలబడాలి, బలమైన తీగ మీదవైనా. అన్నీ ఒకే సైజులో, ఒకే తీరులో రాలాయంటే వాటికి పుప్పొడి అందలేదు అనే అర్థం. మరి రాత్రి వచ్చే పురుగులు ఏమైపోయాయి? పొద్దున కాదు, సాయంత్రం వెళ్ళి చూడాలి అనుకున్నా. ఇంకో ఇంటికి వెళ్ళి వస్తూ ఆరున్నర దాటాక వాళ్ళింటికి చేరా.

కూతురూ అల్లుడూ ఇంకా ఆఫీసు కాల్స్‌లో ఉన్నారు, పెద్దావిడే తలుపు తీశారు. పిన్నిగారూ కాసేపు పందిరి దగ్గర కూర్చుంటా అన్నా. ఏమనుకున్నారో ఏమో ఆవిడ కూడా శాలువా కప్పుకుని కాఫీ గ్లాసుతో బయటికి వచ్చారు. నాకు ఒకటి, ఆవిడకి ఒకటి. ఏడు కావొస్తుండగా నేను ఇంకా పూలకేసి చూస్తూనే ఉన్నా, ఆవిడ మామూలుగా అన్నారు, "ఇంకాసేపట్లో విచ్చుతాయమ్మా. మా ఇంట్లో బీరపూలు విచ్చితే దీపం పెట్టే వేళ అయినట్టే, మా అత్తగారు గడియారం చూసేది కాదు."

నేను గ్లాసు కింద పెట్టేశా. "మీకు తెలుసా పిన్నిగారూ, సాయంత్రమే పూస్తుందని?"

"తెలీకపోవడమేంటమ్మా. కానీ అమ్మాయి రోజూ పొద్దున్నే కుంచె పట్టుకుని రాస్తుంటే ఇది ఇక్కడి విత్తనం కదా, అమెరికా బీర పొద్దున పూస్తుందేమో అనుకున్నా. ముడుచుకుపోయిన పూలకి రాస్తోందే అని ఒకసారి అన్నా కూడా, వీడియోలో అలాగే ఉందమ్మా అంది. చదువుకున్న పిల్ల, దానికి తెలీదా అని ఊరుకున్నా." ఊళ్ళో ఎవరూ చేత్తో పరాగం పెట్టరు, ఆ అవసరమే రాదు, అందుకే పువ్వు విచ్చే వేళకీ పిందె నిలవడానికీ సంబంధం ఉందని ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు. అమ్మాయికి పరాగం సంగతి తెలుసు, వేళ తెలీదు. నాకు రెండూ తెలుసు, కానీ ఈ పెరట్లో సాయంత్రం ఏం జరుగుతుందో తెలీదు. ముగ్గురి దగ్గరా మూడు ముక్కలు.

మరి సాయంత్రం మీరెందుకు బయటికి రారు అని అడిగా. "దోమలమ్మా. జూలైలో ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేశాయి. మందు కొట్టే వాళ్ళని పెట్టారు కదా, ఆ వాసన పడదు, తలనొప్పి." అప్పుడు తెలిసింది నాకు, మూడు వారాలకోసారి ఒకాయన వచ్చి కంచె చుట్టూ పొదల మీద, డెక్ కింద, పందిరి పక్కనున్న చెట్ల మీద దోమల మందు కొడుతున్నాడని. ఆ మందులు ఆకు మీద అంటుకుని ఉండి తగిలిన పురుగుని చంపేవి, దోమకి ఒకటి, రెక్కల పురుగుకి ఇంకోటి అని తేడా ఉండదు వాటికి, రాత్రి తిరిగేవి పగలంతా దాక్కునేది ఆ పొదల్లోనే. దాని పైన వీళ్ళే సాయంత్రం వేపనూనె, సరిగ్గా బీర పువ్వు విచ్చే వేళకి. సాయంత్రం మందు కొట్టడం అన్న సలహా పగలు పూసే పాదులకి సరైనదే, బీరకీ సొరకీ అది తలకిందులు. ఇవి చాలనట్టు చీకటి పడగానే డెక్ మీద పెద్ద ఫ్లడ్ లైట్ వెలుగుతుంది, తెల్లారేదాకా ఆరదు, మిగిలిన ఒకటీ అరా రెక్కల పురుగు కూడా పువ్వు వదిలేసి దీపం చుట్టూ తిరుగుతుంది. ఆ రోజు చీకటిపడేదాకా కూర్చున్నా, పందిరి మీద ఒక్కటంటే ఒక్క పురుగు వాలలేదు.

ఆ సాయంత్రం, ఆ తర్వాత

పువ్వు విచ్చడం ఆ రోజు మేమిద్దరం దగ్గరగా చూశాం. మొగ్గ మడతలు మడతలుగా గొడుగు మూసినట్టు ఉంటుంది, ముందు ఒక రెక్క అంచు కాస్త వదులవుతుంది, తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది కాసేపు, మనం పక్కకి చూసి మళ్ళీ చూసేసరికి సగం విచ్చి ఉంటుంది. తడి జరీ కాగితంలా నలిగి ఉన్న రెక్కలు ఒక ఇరవై నిమిషాల్లో సాపుగా అయిపోయాయి. లేత వాసన కూడా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటేనే తెలుస్తుంది. పెద్దావిడ ఒకటి వంచి వాసన చూసి ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

చేయాల్సింది చూపించా. బాగా విచ్చిన మగ పువ్వు కోసి, రెక్కలు చుట్టూ తుంచేసి, మధ్యలో పొడిపొడిగా ఉండే భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో ఉండే జిగట బొడిపెలకి అన్ని వైపులా మెల్లిగా అద్దడం. బ్రష్ వద్దు. ఒక మగ పువ్వు రెండు ఆడ పూలకి సరిపోతుంది, ఇక్కడ మగ పూలకి కొరతే లేదు కాబట్టి ఒక్కోదానికి ఒక్కోటి వాడమన్నా. అద్దిన ప్రతి పువ్వు కాడకీ ఎర్ర దారం ముక్క వదులుగా కట్టాలి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నా అంచనా ఈసారైనా కరెక్టో కాదో తెలియాలంటే కొన్ని పూలు కావాలనే వదిలేయాలి. ఆ వారంలో విచ్చిన పన్నెండులో మూడింటిని ముట్టుకోవద్దు అన్నా. పెద్దావిడకి అస్సలు నచ్చలేదు, "అయ్యో, చేతిలో పని పెట్టుకుని వాటినెందుకమ్మా చంపుకోవడం" అన్నారు. కానీ ఒకసారి మోసపోయి ఉన్నా నేను, మళ్ళీ మూడు మార్పులు కలిపేసి ఏది పనిచేసిందో తెలీకుండా చేయదలచుకోలేదు. ఒప్పుకున్నారు. తొమ్మిదింటికి దారం కట్టారు, ఏడు నిలబడ్డాయి. వదిలేసిన మూడూ రాలిపోయాయి. ఆ ఫొటోలు ఆవిడే తీయించి పంపించారు నాకు, రాలిన మూడు పిందెలు అరచేతిలో పెట్టుకుని.

దోమల మందు దగ్గర కాస్త చర్చ జరిగింది. అల్లుడుగారు ఆపనన్నాడు, బాబుకి దోమ కుడితే బాగా వాచిపోతుంది, ఆయన భయం న్యాయమైనదే, కాయల కోసం పిల్లాడిని ఇబ్బంది పెట్టండి అని నేను చెప్పలేను. అందుకని దోమలు ఎక్కడ పుడుతున్నాయో ముందు చూద్దాం అన్నా. తిరిగి చూస్తే కుండీల కింద పళ్ళాలు పదకొండు, అన్నిట్లో నీళ్ళు, డెక్ మెట్ల వెనక బియ్యం కడిగిన నీళ్ళు పోసి ఉంచిన బకెట్ ఒకటి, మూత లేని వాన నీటి పీపా ఒకటి. బకెట్ కదిపితే లార్వాలు మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి, బాబు "అమ్మమ్మా చేపలు" అని అరిచాడు. ఇక్కడ పగలు కుట్టే నల్లచారల టైగర్ దోమకి సీసా మూతలో నీళ్ళు చాలు, ఎండాకాలంలో వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ తయారు. పొదల మీద మందు కొట్టించుకుంటూ మెట్ల కింద దోమల్ని వాళ్ళే పెంచుకుంటున్నారు అన్నమాట. పళ్ళాలు తీసేశాం, పీపాకి దోమతెర కట్టి లార్వాల్ని మాత్రమే చంపే బీటీఐ బిళ్ళ వేశాం, కూర్చునే చోట ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టాం, దోమ గాలికి ఎదురు ఎగరలేదు, ఇంత తేలికైన మందు ఇంకోటి లేదు. ఫ్లడ్ లైట్ ఆపేశారు. సెప్టెంబర్ మందు విడత ఒక్కటి ఆపి చూద్దాం, దోమలు తగ్గకపోతే మళ్ళీ పిలుద్దాం అని ఒప్పందం. మళ్ళీ పిలవాల్సిన అవసరం రాలేదు, రాత్రులు చల్లబడటం కూడా కలిసొచ్చింది.

అక్కడి నుంచి తోట ఆవిడ చేతిలోకి వెళ్ళింది. నేను తర్వాత రెండుసార్లే వెళ్ళా. రోజూ ఆరున్నరకల్లా మనవడితో పందిరి కింద ఉండేవారట, వాడికి ఆడ పువ్వు కనిపెట్టడం పని, ఆవిడకి అద్దడం, దారం కట్టడం మళ్ళీ వాడికి. నెల మొదట్లో ఏడున్నర దగ్గర పొద్దు గూకేది నెలాఖరుకి ఆరూ నలభైకే, పూలు కూడా రోజురోజుకీ కాస్త ముందే విచ్చుతూ వచ్చాయి, మబ్బు పట్టిన రోజు ఇంకాస్త ముందే. వాడికి అమ్మమ్మ చెప్పిందట, అది మనకంటే ముందు చలికాలాన్ని చూసేసింది అని.

మొదటి కాయ ఎనిమిది రోజులకి కోశారు, పప్పులో వేశారు, తొక్కుతో పచ్చడి. సొర కూడా అలాగే సాయంత్రం పూసేదే, తెల్ల పువ్వు, దానికీ అదే పని చేస్తే నాలుగు కాయలు నిలిచాయి.

అక్టోబర్ దాకా

సెప్టెంబర్ 20 తర్వాత వచ్చే ఆడ పూలు తుంచేయమని చెప్పా. లెక్క ఏంటంటే సెప్టెంబర్ మొదట్లో 8 రోజులకి వచ్చిన కాయకి నెలాఖర్లో 14 రోజులు పడుతుంది, ఆవిడ వెళ్ళేది అక్టోబర్ రెండో వారం, ఇక్కడ మొదటి మంచు దెబ్బ మామూలుగా అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరులోపు, ఆలస్యంగా నిలిచిన పిందెలు ఉన్న కాయల బలం తినేసి అవీ ఎదగవు. అర్థం చేసుకున్నారు కానీ చేతులు రాలేదు ఆవిడకి, వారం రోజులు వాయిదా వేసి చివరికి ఐదు పాదులకి తుంచి ఒకటి వదిలేశారు. నేనూ ఇంక ఏమీ అనలేదు.

కీర దోస తీసేసిన బెడ్‌లో లేబర్ డే వారంలోనే మెంతులు, ధనియాలు చల్లించా. వేసవిలో కొత్తిమీర ఇక్కడ రెండాకులు వేసి పూతకి పోతుంది, చల్లబడ్డాకే దాని అసలు రుచి. ధనియాలు చపాతీ కర్రతో నలిపి రెండు బద్దలు చేసి వేశారు ఆవిడ, నేను చెప్పక్కర్లేకపోయింది. మెంతికూర నాలుగో వారానికి కోతకొచ్చింది. గోంగూర కూడా చిన్న పగళ్ళకే పూతకి వస్తుంది, ఇక్కడ పూసేలోపే మంచు పడి నల్లగా అయిపోతుంది, అందుకని అక్టోబర్ మొదటి వారంలో మొత్తం కోయించేశాం, నిల్వ పచ్చడి రెండు సీసాలు. కరివేపాకు కుండీలు రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగకముందే ఆకుల అడుగున పైపుతో గట్టిగా కడిగి, పురుగు లేదని చూసుకుని లోపలికి తెచ్చారు. పక్క వీధిలో తెలంగాణ వాళ్ళు బతుకమ్మకి పూలు కావాలని వస్తే బంతిపూలతో పాటు మిగిలిన బీర మగ పూలు కూడా ఒక పళ్ళెం నిండా ఇచ్చి, ఈవిడ కూడా వాళ్ళతో వెళ్ళి చూసొచ్చారు. మొత్తం సీజన్‌కి బీరకాయలు ముప్పై ఒకటి, పెద్ద సంఖ్యేం కాదు ఆరు పాదులకి, కానీ అన్నీ ఐదు వారాల్లో వచ్చినవే.

నా పద్ధతిలో మారినవి

ఒకటి, పూత రాలే కంప్లైంట్ వస్తే మొదటి విజిట్ ఇప్పుడు ఆ పువ్వు విచ్చే వేళకే పెట్టుకుంటున్నా. గుమ్మడి, కాకర, దోస, నేతిబీర అయితే పొద్దున్నే, బీర, సొర, పొట్ల అయితే పొద్దుగూకే ముందు. నాకు కుదిరిన టైమ్‌కి వెళ్ళి చూస్తే నాకు కనపడేది ఆకులే, ఆకులు చూసి ఎరువుల గురించి మాట్లాడొచ్చేస్తాం.

కాస్తున్నవీ కాయనివీ రెండు వరసల్లో రాసుకుని వాటి మధ్య తేడా ఏంటో తేలాకే సలహా ఇస్తున్నా. కాకర కాసింది కాబట్టి పురుగులు వస్తున్నాయి అన్న నా తర్కం పగటికి మాత్రమే వర్తించింది, రాత్రి గురించి కాకర నాకేమీ చెప్పలేదు. పురుగుమందు గురించి అడిగేటప్పుడు కూడా "తోటకి ఏం కొట్టారు" అని కాకుండా "ఇంటి చుట్టూ ఎవరెవరు ఏమేం కొడతారు" అని అడుగుతున్నా, దోమల మందు, చెదల మందు, లాన్ వాళ్ళు, అన్నీ. ఈ ఇంట్లో దోమల మందుని తోట మందుగా ఎవరూ లెక్కేయలేదు, అందుకే ఎవరూ చెప్పలేదు.

ఇంకా, ఫోన్ చేసినవాళ్ళతో పాటు పాదు పెట్టినవాళ్ళతో కూడా మాట్లాడుతున్నా, తలనొప్పిగా ఉందన్నా సరే ఇంకో రోజైనా వెళ్ళి. ఈ ఇంట్లో ఆ పని మొదటి శనివారమే చేసి ఉంటే పిన్నిగారికి ఇంకో రెండు వారాల సాయంత్రాలు దక్కేవి. ఉన్నవే అరవై రోజులు కూడా కాదు, అందులో రెండు వారాలంటే తక్కువ కాదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఆవిడ వెళ్ళాక అక్టోబర్ చివర్లో మంచు పడిన మర్నాడు పందిరి దించడానికి సాయం వెళ్ళా. తుంచకుండా వదిలేసిన ఆ ఒక్క పాదు మీద విత్తనానికని రెండు కాయలు ఉంచారు, కోసి చూస్తే గింజలు ఇంకా తెల్లగానే ఉన్నాయి, నల్లబడలేదు. వచ్చే ఏడు విత్తనానికి ఆగస్టు చివర్లో నిలిచిన మొదటి కాయనే గుర్తుపెట్టి వదిలేయాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాం. బాబు తీగల్లోంచి ఎర్ర దారం ముక్కలన్నీ ఏరి ఒక జిప్‌లాక్ కవర్లో వేసి, అమ్మమ్మ మళ్ళీ వచ్చినప్పుడు కావాలి అని విత్తనాల డబ్బాలో పెట్టాడు.